దాటినవాళ్ల లెక్క

కొత్త డాక్టరమ్మ అతని కుడికాలిని రెండు చేతులతో పట్టుకుని దీపం వైపు తిప్పి, మడమను చాలాసేపు చూసింది. మెలనోమా అనే చర్మపు క్యాన్సర్‌గా తేలిన నల్లటి మచ్చను అక్కడి నుంచి ఆరేళ్ల కిందటే కోసి తీసేశారు. ఇప్పుడు అక్కడ ఉన్నది తొడ మీంచి తెచ్చి అతికించిన చర్మం. మచ్చ తీశాక గజ్జల్లో గడ్డలు తీశారు. ఆ తర్వాత ఏడాదిపాటు నరంలోకి మందు ఎక్కించారు. అప్పటి నుంచి సాయంత్రమయ్యేసరికి ఆ కాలు దిండులా ఉబ్బుతుంది.

"దించేయండి," అని ఆమె చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. అతనికి చెల్లెలి వయసు ఉంటుంది. "మీకొక మంచిమాట చెప్పాలి. మొదట్లో మా పెద్దాయన ఒక లెక్క చెప్పి ఉంటారు కదా?"

"చెప్పారండి. ఐదేళ్లు బతికేది సగంకంటే తక్కువమందేనని."

"ఆ లెక్క ఇప్పుడు మీది కాదు."

అతను చొక్కా గుండీ పెట్టుకోబోతూ ఆగాడు.

"అది జబ్బు బయటపడిన రోజున అందరినీ కలిపి వేసిన లెక్క," అందామె. "ఇది తిరగబెడితే చాలామందికి మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడుతుంది. ఆ గండం దాటినవాళ్లని విడిగా లెక్కేస్తే అంకె వేరే వస్తుంది. ఏడాది గడిచేకొద్దీ పెరుగుతూ పోతుంది. మీరిప్పుడున్న చోట మీకూ మీ వయసు మామూలు మనిషికీ పెద్ద తేడా లేదు. అసలే లేదనను. ఒళ్లు చూసుకుంటూ ఉండాల్సిందే. కానీ ఇక్కడికి మాత్రం ఏడాదికొకసారి వస్తే చాలు."

"అంటే జబ్బు మెత్తబడిందా అండి?"

"జబ్బు అదే. మీరే ముందుకొచ్చారు."

"మరి మిగతావాళ్లు?"

"ఏ మిగతావాళ్లు?"

"మొదట్లో లెక్కలో ఉన్నవాళ్లు."

ఆమె పెన్ను మూత పెట్టింది. "వాళ్లని తీసేశాకే కదండీ ఈ లెక్క వచ్చేది," అని కొంచెం నెమ్మదిగా అంది. తర్వాత గొంతు మార్చుకుని, "ఇవాళ మీ ఆవిడ రాలేదా?" అని అడిగింది.

"ఫ్యాక్టరీకి బేరగాళ్లు వచ్చారండి. సెలవు దొరకలేదు."

"అయితే ముందు ఆవిడకి చెప్పండి. మీకంటే ఆవిడే ఎక్కువ సంతోషిస్తారు."

అతను తలూపి బయటికి వచ్చాడు.

నడవా చివర మందు ఎక్కించే గది. తలుపు సగం తెరిచి ఉంది. లోపల కుర్చీల్లో మనుషులు చెయ్యి చాపుకుని కూర్చున్నారు. కిటికీ పక్క కుర్చీలో ఒక ముసలావిడ నిద్రపోతోంది. అతను మందు ఎక్కించుకున్న ఏడాది ఆ కుర్చీ కండక్టరుది. బస్సులో పనిచేసిన మనిషి, ఎవరినీ ఊరికే కూర్చోనిచ్చేవాడు కాదు. "మనం ఐదుగురం, మిగిలేది ఇద్దరంట," అన్నాడొకసారి, చేతికి గొట్టం తగిలించుకునే. "ఆ ముగ్గురూ ఎవరో ముందే తేల్చేస్తే మనకి ఈ సూదులైనా తప్పుతాయి కదా బాబాయ్. సీట్లు ఖాళీ చేసి పడుకుంటాం." నర్సు కూడా నవ్వింది. రెండో ఏడు దాటకముందే కండక్టరు పోయాడు. ఆ తర్వాత ఇద్దరు. ఐదోవాడి సంగతి అతనికి తెలియదు, అడగలేదు.

మీరు దాటారు, అన్నట్టే డాక్టరమ్మ చెప్పింది. తను ఏం చేసి దాటాడు? పడుకోమన్నప్పుడు పడుకున్నాడు, లేవమన్నప్పుడు లేచాడు. కండక్టరూ అదే చేశాడు. పక్కనున్నవాళ్లు ఒక్కొక్కరే దిగిపోతుంటే తనవైపు అంకె పెరిగింది, అంతే.

బస్సులో కూర్చున్నాక అతను సంతోషం కోసం తనలో వెతుక్కున్నాడు. జేబులో తాళం చెవి కోసం తడుముకున్నట్టు, ఒకచోట లేకపోతే ఇంకోచోట. దొరికింది భయం ఒక్కటే, అదీ పాత భయం కాదు. పాతదాన్ని అతను బాగా ఎరుగును; ఆరేళ్లు దానితో కాపురం చేశాడు. ఇది కొత్తది, అతని భార్యను గురించినది.

ఆమె వెళ్లిపోదామని తేల్చుకున్న వారంలోనే అతని మడమ మీది మచ్చ ముక్క పరీక్షకి వెళ్లింది. ఇద్దరూ ఒకే తోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు. ఆమెది తోళ్లు రకాలుగా విడదీసే షెడ్డు, అతనిది రంగులు కలిపే గది. పిల్లల్లేరు. తగువుల్లేవు. మాటలు కూడా లేవు, అదే ఆమె బాధ. "నువ్వు కొట్టలేదు, తిట్టలేదు, కాదనను," అంది ఆ రోజు, పెట్టె మంచం మీద తెరిచి పెట్టుకుని. "గోడతో చెప్పుకున్నా నయం. గోడ ఊ కొట్టదని ముందే తెలుసు కాబట్టి ఆశ ఉండదు. అక్క వాళ్ల వీధిలో గది చూశాను." అతను అప్పుడు కూడా ఏమీ అనలేదు. అనాలని ఉంది. నోటిదాకా వచ్చింది నోట్లోనే ఆగిపోయింది. చిన్నప్పటి నుంచీ అంతే. నాలుగు రోజులకి ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. ఆమె సర్దిన చీరలు తీసి మళ్లీ అలమారలో పెట్టేసింది. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

చావబోయే మనిషిని వదిలి వెళ్లలేక ఉండిపోయింది. అది ఇద్దరికీ తెలుసు. తెలిసిన సంగతిని ఇద్దరూ మంచం కిందికి నెట్టిన సామానులా చూడకుండా తిరిగారు.

అతను ఇంటికి వచ్చేసరికి ఆమె వచ్చి ఉంది. చేతులకు ఇంకా తోళ్ల వాసన.

"ఏమన్నారు?"

"మామూలే."

"మామూలే అంటే?"

"ఏమీ చెప్పలేమన్నారు. జాగ్రత్తగా చూసుకుంటూ ఉండమన్నారు."

ఆమె గ్లాసు కడుగుతూ ఆగింది. భుజాలు కొంచెం కిందికి దిగాయి. అంతకుమించి ఏమీ లేదు. తర్వాత గ్లాసు బోర్లించి, "టీ పెడతాను, కాలు ఎత్తి పెట్టుకో," అంది.

కాసేపటికి వంటగదిలోంచి ఫోనులో ఆమె మాట వినిపించింది. "లేదక్కా. ఇంకా అంతేనంట." అవతల అక్క ఏదో అంది. "ఏం చెయ్యను మరి. ఇన్నాళ్లు చేశాను. నా వల్ల కావట్లేదంటే ఇప్పుడు ఎవరు వింటారు." తర్వాత గొంతు తగ్గించింది.

అతను కాలు దిండు మీద పెట్టుకుని గోడవైపు చూస్తూ ఉండిపోయాడు. లేచి వెళ్లి, నేను వింటాను, అని చెప్పొచ్చు. డాక్టరమ్మ మాట చెప్పొచ్చు. ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం చెబితే ఆమె సంతోషిస్తుంది, ఏడుస్తుంది కూడా. ఆ తర్వాత ఒక వారమో నెలో ఆగి, పెట్టె దించుతుంది. అతను ఇదంతా జరిగిపోయినట్టే చూడగలిగాడు. బతికే మనిషిగా ఆమె దృష్టిలో తన విలువ ఎంతో అతనికి ఆరేళ్ల కిందటే తెలిసింది.

ప్రతి నెలా ఒక ఆదివారం ఆమె అతని ఒళ్లు చూసేది. ఆస్పత్రిలో నేర్పింది కొంత, ఫ్యాక్టరీలో ఆమెకు ముందే వచ్చినది కొంత. తోలు మీది దెబ్బ పైనుంచి వెలుగు పడితే కనిపించదు. దీపం పక్కనుంచి వాలుగా పడాలి. అందుకని టేబుల్ లైటు మంచం పక్కన నేలమీద పెట్టి అతన్ని బోర్లా పడుకోబెట్టేది. మెడ దగ్గర మొదలుపెట్టి, అరచెయ్యి మేర ఒక్కో జాగా చూసి, బొటనవేలితో రాసి, కిందికి జరిగేది. మోకాళ్ల వెనక, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, చివరికి అరికాళ్లు. అలా చూసేటప్పుడు ఆమె నోరు కూడా తేలికపడేది.

"నువ్వు గేదె తోలైతే మూడో రకానికి కూడా రావు," అనేది.

"ఏం?"

"అతుకులు, కుట్లు, గీతలు. చెప్పు లోపల ఎవరికీ కనపడని చోట వెయ్యాల్సిందే."

"అదైనా కొంటారా?"

"మనం అమ్మగలిగితే కొంటారు. తిరుగు."

జబ్బు రాకముందు ఎన్నో ఏళ్లుగా ఆ చేతులు అతన్ని తాకలేదు. జబ్బు వచ్చాక నెలకొక గంట అతని ఒంటిమీద చెయ్యి పడని చోటు లేదు. ఆమె వెతికేది చావునని అతనికి తెలుసు. అయినా ఆ గంట కోసం నెలంతా ఎదురుచూసేవాడు.

ఆస్పత్రి నుంచి వచ్చిన మరుసటి వారం, బట్టలు మడతపెడుతూ ఆమె అంది: "నెలనెలా అక్కర్లేదేమో ఇంక. వాళ్లు చూస్తూనే ఉన్నారుగా. నాకు కళ్లు లాగుతున్నాయి. పొద్దంతా తోళ్లే, ఇంటికొచ్చీ తోళ్లే."

"ఈసారికి చూడు," అన్నాడు.

"ఈసారికి చూస్తాలే. ఆ తర్వాత ఎప్పుడైనా, ఏదైనా అనిపిస్తే చూద్దాం."

ఏదైనా అనిపిస్తే. ఆ మాట అతనిలో దిగి, రెండు మూడు రోజులు కదలకుండా ఉంది. తర్వాత కదిలింది.

శనివారం పని అయిపోయాక అందరూ వెళ్లేదాకా అతను రంగుల గదిలోనే ఉన్నాడు. ముదురు గోధుమలో నలుపు కలిపాడు, చివర ఒక బొట్టు నీలం. చెడ్డ మచ్చ ఒకే రంగులో ఉండదు. అంచు ఒకవైపు తేలిపోవాలి, మధ్యలో ఎక్కడో బూడిద తగలాలి. అటువంటిది అతని మడమ మీదే ఉండేది, దాన్ని మర్చిపోలేదు. తోలు ముక్క మీద వేసి చూశాడు. పచ్చగా వచ్చింది. మళ్లీ కలిపాడు. అంత శ్రద్ధగా అతను చాలా రోజులుగా ఏ రంగూ కలపలేదు. పని బాగా కుదిరినప్పుడు కలిగే చిన్న తృప్తి అతనికి అప్పుడు కూడా కలిగింది. అది గమనించి కుర్చీలో కూర్చుండిపోయాడు. నేనేం చేస్తున్నాను, అని తనని తనే అడిగాడు. జవాబు వచ్చేలోగా మూత బిగించి సీసా జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె స్నానానికి వెళ్లినప్పుడు, స్టూలు మీద కూర్చుని కష్టంగా కాలు మడిచాడు. అతుకుకి కొంచెం ముందు, పాదం గుంటపడే చోట. రంగు పట్టాలంటే ముందు చర్మం మీది నూనె పోవాలి. దూదిని స్పిరిట్‌లో ముంచి ఆ చోటు తుడిచాడు. ఆలోచించి చేసింది కాదు, చెయ్యే చేసింది. సన్నటి కుంచెతో వేసి, నోటితో ఊది ఆరబెట్టాడు. మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్తుంది, అక్కడ నిమిషంలో తేలిపోతుంది, అన్న సంగతి అతని బుర్రలో ఉంది. కానీ అది అవతలి ఒడ్డున ఎవరి గురించో చెప్పుకునే మాటలా ఉంది. అతనికి కావలసింది ఆ బొటనవేలు అక్కడికి వచ్చి ఆగడం, అంతవరకే.

ఆమె తల తుడుచుకుంటూ వచ్చి లైటు నేలమీద పెట్టింది. అతను బోర్లా పడుకున్నాడు. మెడ. భుజాలు. వెన్ను. ఆమె ఆ రోజు మాట్లాడలేదు. చెయ్యి త్వరగా జరుగుతోంది. మోకాలి వెనక ఒకచోట ఆగి, దోమ కుట్టినదని తేల్చుకుని, కిందికి పోయింది. ఎడమ అరికాలు. కుడి అరికాలు.

బొటనవేలు ఆగింది.

అతను దిండులో ముఖం పెట్టి ఎదురుచూశాడు. ఆమె ముఖం కనిపించదు. ఊపిరి మాత్రం వినిపించింది. ఒకసారి లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత నెమ్మదిగా, పొడుగ్గా వచ్చింది. లైటు దగ్గరకు జరిగిన చప్పుడు. గోరు చర్మం మీద ఒకసారి గీసింది.

"ఎప్పుడు వేశావు ఇది?"

అతను ముఖం దిండులోంచి ఎత్తలేదు.

"నిన్నే అడుగుతున్నాను."

"ఏం వెయ్యడం?"

"రంగు బాగా కలిపావు. అందులో వంక పెట్టడానికి లేదు. కానీ ముందు నూనె తుడిచావు. చుట్టూ ఇంత మేర చర్మం తెల్లగా పొడిబారిపోయి ఉంది. ఎక్కడైనా మచ్చ స్పిరిట్ పెట్టి తుడుచుకుని మరీ పుడుతుందా?"

అతను లేచి కూర్చున్నాడు. ఆమె కింద, లైటు పక్కన, తడి జుట్టుతో కూర్చుని ఉంది. కోపంగా లేదు. రోజంతా నిలబడి పనిచేసి వచ్చి, కూర్చోమన్న చోట కూర్చున్నట్టుంది.

"డాక్టరు ఏం చెప్పింది?" అని అడిగింది.

అప్పుడు చెప్పాడు. ఆరేళ్లలో ఒక్కసారిగా అంత మాట్లాడటం అదే మొదలు. మొదట చెప్పిన లెక్క, దాటినవాళ్లని విడిగా తీస్తే వచ్చే లెక్క, ఏడాదికి ఒకసారి వస్తే చాలన్న మాట. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక, "మళ్లీ చెప్పు," అంది. మళ్లీ చెప్పాడు.

"అంటే బతుకుతావు."

"మామూలు మనుషుల్లాగే, అంది."

"నేను వెళ్లిపోతాననే నాకు చెప్పలేదు నువ్వు."

"అవును."

ఆమె దూది తీసుకుని, అతని పాదం ఒళ్లో పెట్టుకుని, రంగు తుడవడం మొదలుపెట్టింది. అది అంత తేలిగ్గా పోయే రకం కాదు.

"అది చెప్పినా వెంటనే పోయేదాన్ని కాదేమో," అంది తుడుస్తూనే. "నీకు ఒంట్లో బాలేకపోతే నాకు చెయ్యడం చేతనవును. అలవాటైపోయింది. బాగుంటే కూడా ఎలాగోలా ఉండిపోదునేమో. ఎవరికి తెలుసు. వయసైపోతోంది, ఇప్పుడెక్కడికి పోతాంలే అనుకుందును."

"మరైతే ఉండు."

"విను. ఇందాక అది కనపడగానే, రంగని తెలియకముందు, నాలో ఏమొచ్చిందో చెప్పనా?"

చెప్పొద్దని అతనికి అనాలనిపించింది.

"అమ్మయ్య, అనిపించింది." ఆమె చెయ్యి ఆగలేదు. "భయం కాదు, ఏడుపు కాదు. పొద్దున్నుంచి మోస్తున్న బుట్ట ఎవరో దించినట్టు. అయిపోవచ్చింది, ఇంక ఎన్నాళ్లో లేదు, అని. ఒక్క నిమిషమే. తర్వాత చుట్టూ పొడిబారిన చర్మం కనపడింది. అప్పుడు కూడా నీ మీద కోపం రాలేదు. ఇది రంగు, ఇంకా అయిపోలేదు, అన్న నిరాశ వచ్చింది. నాకు నన్ను చూస్తే భయమేసింది. నీతో కాపురం చేసిన దాన్ని, నీ చావు కోసం కాచుకుని కూర్చున్నానని నాకే తెలియదు ఇన్నాళ్లూ."

"అందరికీ అలాగే ఉంటుంది," అన్నాడు. "ఎన్నాళ్లని చేస్తారు ఎవరైనా."

"ఉంటుందేమో. ఉన్నవాళ్లు ఉండనీ. నేను మాత్రం రేపట్నుంచి నీ ఒంటిమీద చెయ్యి వేస్తే దేని కోసం వెతుకుతున్నానో నాకు తెలుస్తుంది. ఇంక వెయ్యలేను."

పాదం ఒళ్లోంచి దించి, దీపం ఆర్పింది. గోధుమరంగు నీడ ఇంకా కొద్దిగా మిగిలే ఉంది. "రెండ్రోజుల్లో పోతుంది," అంది.

ఆ తర్వాత వారం ఇద్దరూ బాగా మాట్లాడుకున్నారు. అదే విచిత్రం. గ్యాసు ఎవరికి ఫోన్ చేస్తే వస్తుందో, వాపు దిగడానికి కాలికి వేసే మేజోడు ఎలా ఉతకాలో, ఫ్యాక్టరీలో ఎదురుపడితే ఏమనాలో. "ఏమనేదేముంది, తిన్నావా అని అడుగుతాను," అంది ఆమె. అతను నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. ఇలా ముందే మాట్లాడి ఉంటే, అని ఇద్దరిలో ఎవరూ అనలేదు. మాట్లాడగలుగుతున్నది వెళ్లిపోవడం ఖాయమైంది కాబట్టేనని అతనికి అర్థమైంది. మందు ఎక్కించే గదిలో కూడా ఇంతే. బతికే సగంలో తను లేనని తేలిపోయినవాడే అందరికంటే బాగా కబుర్లు చెప్పేవాడు.

వెళ్లే రోజు పెట్టె తనే మోస్తానన్నాడు. "కాలికి మంచిది కాదు," అని ఆమె ఒకవైపు పట్టుకుంది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మెట్లు దిగారు. కింద వాటాలో ఉండే ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఊరికా అమ్మా?"

"అక్క దగ్గరికండీ."

"ఎన్నాళ్లు?"

"అక్కడే ఉంటాను."

ఇంటావిడ ఆమెనీ అతన్నీ మార్చి మార్చి చూసింది. "మరి ఇతన్నెవరు చూస్తారు? ఈ ఒంటితో?"

"అతనికి తగ్గిపోయిందండీ," అంది ఆమె. "డాక్టరు చెప్పింది. ఇంక భయం లేదంట."

బస్సు మలుపు తిరిగి వచ్చి ఇంటి ముందే ఆగింది. ఆమె పెట్టె అందుకుని ఎక్కింది. కిటికీలోంచి అతని ముఖం కాదు, పాదం వైపు చూసింది, చెప్పు సరిగ్గా వేసుకున్నాడా లేదా అని. బస్సు వెళ్లిపోయింది.

ఇంటావిడ ఇంకా ఆ మాట దగ్గరే ఉంది. "ఎంత చల్లని మాట చెప్పింది తల్లి. మేమంతా నిన్ను లెక్కలోంచి తీసేశాం నాయనా, నిజం చెప్తున్నా. ఆ పిల్ల చేసిన సేవే నిన్ను నిలబెట్టింది. అయినా ఏదో కోపతాపాలు, వస్తుందిలే నాలుగు రోజులకి. ఇంకేం, గుండ్రాయిలా ముప్పై ఏళ్లు బతుకుతావు."

"అవునండి," అన్నాడు.

కాలు బరువెక్కింది. కమ్మీ పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఒక మెట్టు, ఆగి ఊపిరి, మరో మెట్టు. కింద నుంచి ఇంటావిడ చూస్తూనే ఉంది.

"మెల్లిగా బాబూ, మెల్లిగా. తొందరేముంది నీకు."

అతను సగం మెట్ల మీద ఆగాడు. పైన గది తలుపు తెరిచే ఉంది.